పొరుగింటి గిన్నె

మా ఇంట్లో పరాయి గిన్నె ఒక్క రాత్రి కూడా నిద్ర చేసి ఎరగదు. పొద్దున ఎవరైనా గిన్నెలో ఏదైనా పెట్టి పంపిస్తే సాయంత్రానికల్లా అందులో మరేదో నిండి వెనక్కి వెళ్లిపోవాలి. గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదన్న మర్యాద మా ఊళ్లో అందరికీ ఉన్నదే. కానీ మా ఆయన లియుదాస్‌ది మర్యాద కాదు, భయం. స్ట్రాబెర్రీలు పంపిన ఇంటికి గుడ్లు, గుడ్లు పంపిన ఇంటికి పొగబెట్టిన చేప. అదీ వాళ్లిచ్చిన దానికంటే కాస్త ఎక్కువే. గిన్నె తిరిగి ఇచ్చేసి వచ్చాక ఆయన ముఖం చూడాలి, సలుపుతున్న పన్ను పీకించుకుని బయటికొచ్చిన మనిషిలా ఉండేవాడు.

పాతికేళ్లు ఇలా గడిచేసరికి జనం మాకు ఇవ్వడం మానేశారు. కోపం వచ్చి కాదు, విసుగొచ్చి. ఎంత ప్రేమగా ఇచ్చినా ఆ పూటే తిరిగొచ్చేస్తుంటే ఇంకెవరిస్తారు? పెళ్లిళ్లకు పిలిచేవాళ్లు, చావులకు కబురు పెట్టేవాళ్లు. ఊరికే వచ్చి మా వంటింట్లో కూచునేవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. నాకది లోటుగానే ఉండేది. అలవాటైపోయిన లోటు.

పొద్దున్నే రేడియోలో ఒకావిడ మాట్లాడేది. మనిషన్నవాడు రోజుకి కాస్తయినా మెరుగుపడాలట. లేవగానే మనకి మేలు చేసిన ముగ్గురిని తలుచుకుని కృతజ్ఞత చెప్పుకోవాలట. మనసులో ఉన్నది దాచుకోకుండా పక్కవాళ్లతో చెప్పుకోవాలట. లియుదాస్ రొట్టె మీద వెన్న రాస్తూ, "పొద్దున్నే ముగ్గురికి బాకీ పడి లేస్తుందా ఈవిడ? పాపం, రాత్రి నిద్రెలా పడుతుందో" అని రేడియో కట్టేసేవాడు. నేను నవ్వేదాన్ని.

ఆయన స్కూలు బస్సు నడిపేవాడు. చుట్టుపక్కల పల్లెల్లో పిల్లల్ని పసుపు బస్సులో ఎక్కించుకుని మా ఊరి బడికి తెచ్చేవాడు, మళ్లీ ఇళ్లకు చేర్చేవాడు. మంచు కురిసినా, రోడ్డు గాజులా జారినా ఒక్క రోజు ఆలస్యం లేదు. ఊళ్లో ఆయన్ని వేలెత్తి చూపినవాళ్లు లేరు. జూన్‌లో బడి మూసేస్తే మళ్లీ సెప్టెంబరు ఒకటినే తెరవడం. మధ్యలో ఆయనకి పనేమీ ఉండదు. కంచెకి రంగు వేసుకుంటూ గడిపేవాడు. ఆ ఏడు రంగు వేస్తూ అక్కడక్కడా వదిలేశాడు. నేను పట్టించుకోలేదు.

మధ్య వేసవి పండగ ఇంకా వారం ఉందనగా, ఒక మధ్యాహ్నం మా పియర్ చెట్టు కొమ్మకి తేనెటీగల గుంపు వచ్చి వేలాడింది. గొర్రెతోలు టోపీ అంత ముద్ద. తోటంతా ఒకటే ఝుంకారం. ఇంతలో కంచె అవతల నుంచి ఫెలిక్సాస్ కేక వినబడింది.

"లియుదాస్ గారూ! కదలకండి, నేను వస్తున్నా!"

ఫెలిక్సాస్ మా పొరుగాయన. ఒకప్పుడు కలప కోతమిల్లులో పని చేసేవాడు, ఇప్పుడు ఆయన లోకమంతా పెరట్లో ఉన్న తేనెటీగల పెట్టెలే. ఇన్నేళ్ల పొరుగున మాకూ ఆయనకీ మధ్య నడిచినవి మీరు, గారు, నమస్కారాలు, అంతే. ఆయన గడ్డితో అల్లిన బుట్ట, నీళ్ల బకెట్, ఈగల మీద చిలకరించడానికి తడిపిన లిండెన్ చెట్టు కొమ్మ పట్టుకుని మా గేటు దగ్గర ఆగాడు. లోపలికి అడుగు పెట్టలేదు.

"మీ చెట్టు మీద వాలాయి. లోపలికి రమ్మంటేనే వస్తాను" అన్నాడు.

"మీవే కదా, తీసుకుపోండి" అన్నాడు లియుదాస్.

"అదెలా కుదురుతుంది? అవి మా ఇంటి నుంచి బయల్దేరి మీ ఇంటిని ఎంచుకున్నాయి. వాటికి తెలీకనా? నా దగ్గర పాత పెట్టె ఒకటుంది, తెచ్చి ఇక్కడే పెడతాను. తేనెపట్టు మీది. తేనె వస్తే ఇద్దరం పంచుకుంటాం."

లియుదాస్ ముఖం పాలిపోయింది. కుట్టినా అంత బాధపడేవాడు కాదు.

మా వైపు ఈ ఆచారం గురించి ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఒకరి తేనెటీగలు లేచి మరొకరి చెట్టు మీద వాలితే ఆ ఇద్దరూ చుట్టాలైపోతారు. నెత్తురు చుట్టరికం కంటే అదేమీ తక్కువ కాదు. దాన్ని కొనకూడదు, అమ్మకూడదు. ఈగల దగ్గర అరుచుకోకూడదు, అబద్ధం ఆడకూడదు. గొడ్డు చచ్చిందంటాం గానీ, తేనెటీగని మాత్రం మనిషిని అన్నట్టే పోయిందంటాం. ఇవన్నీ చిన్నప్పుడే ఒంటబడతాయి మాకు. లియుదాస్‌కీ తెలుసు. తెలిసే భయపడ్డాడు.

సాయంత్రానికి ఈగలన్నీ పెట్టెలోకి దిగాయి. ఫెలిక్సాస్ చేతులు ప్యాంటుకి తుడుచుకుని మా ఆయన భుజం మీద ఒక్కటి చరిచాడు.

"అయితే ఏం చుట్టం! ఇంక మీరూ గారూ ఏంటి? నువ్వు అనుకుందాం."

"సరే మీ ఇష్టం" అన్నాడు లియుదాస్.

ఫెలిక్సాస్ పగలబడి నవ్వాడు. ఆయన భార్య స్తాసె కూడా వచ్చింది. నీలం అంచు ఉన్న పింగాణీ గిన్నెలో నిరుటి తేనె పట్టుకొచ్చింది. గిన్నె అంచు ఒక చోట పెచ్చు ఊడి ఉంది. "కొత్త చుట్టాలకి మంచి గిన్నెలో తేవాలి గానీ, తొందర్లో చేతికిదే దొరికింది" అని నొచ్చుకుంది. ఆ రాత్రి చీకటి పడకముందే ఆ గిన్నె నిండా వెన్న పెట్టించి నాచేత తిరిగి పంపించాడు మా ఆయన.

గిన్నె బాకీ తీరింది. ఈగల బాకీ ఎలా తీర్చాలి? మర్నాటి నుంచీ అదే గొడవ. డబ్బు మాట ఎత్తకూడదు కాబట్టి చెట్లు కోసే తన కొత్త రంపం తీసుకెళ్లి ఫెలిక్సాస్ గుమ్మంలో పెట్టి వచ్చాడు. సాయంత్రం అది మా గుమ్మంలో ఉంది. బంగాళాదుంపల బస్తా మోసుకెళ్లాడు. బస్తా కంచె మీద నుంచి తిరిగొచ్చింది, పైన నాలుగు దోసకాయలు అదనంగా. వాళ్లు ఇంట్లో లేనప్పుడు చూసి వాళ్ల కట్టెలన్నీ చీల్చి పేర్చి వచ్చాడు. కట్టెల్ని తిరిగి మొద్దులు చెయ్యలేరు కదా, అదీ ఆయన ధీమా. స్తాసె కంచె దగ్గరికొచ్చి నడుం మీద చేతులేసుకుంది.

"నియోలే! మీ ఆయనకి ఒంట్లో బాగుందా? మా కట్టెలు మా కొడుకొచ్చి కొట్టేవాడు. వాడికి ఇంక మా ఇంటికి రావడానికి వంకేం మిగిలింది?"

"ఆయన తీరే అంత స్తాసె. కడుపులో ఏదో ఉండిపోయినట్టు గిలగిల్లాడిపోతాడు."

"ఉండనీ. తేనేగా, విషం కాదుగా!"

ఫెలిక్సాస్ మాత్రం నవ్వలేదు. మా ఆయన్ని పెట్టె దగ్గరికి తీసుకెళ్లి, నెమ్మదిగా, ఈగలకి కూడా వినబడనంత చిన్నగా చెప్పాడు. "చూడు చుట్టం. నువ్వు ఇలా వెల కట్టుకుంటూ పోతే ఇవి ఇక్కడ నిలవవు. నాకు నువ్వేమీ ఇవ్వక్కర్లేదు. వీటిని చూసుకో చాలు."

లియుదాస్ తల ఊపాడు. ఆ తర్వాత మా గుమ్మం దాటి ఏదీ పోలేదు. ఆయనకి అది ఎంత కష్టమైందో నేను చూశాను. ఇచ్చేస్తే ఇంక ఆ మనిషిని తలుచుకోనక్కర్లేదు. ఇవ్వకపోతే రోజూ తలుచుకోవాలి. పొద్దున్నే కాఫీ తాగుతూ పెట్టె వైపు, అక్కడి నుంచి కంచె వైపు చూసేవాడు. నాకైతే, నిజం చెప్పొద్దూ, సంతోషంగా ఉండేది. స్తాసె మా వంటింట్లోకి వచ్చి కూచోవడం మొదలుపెట్టింది మరి.

లిండెన్ చెట్లు పూశాయి. ఊరంతా ఆ వాసనే. ఫెలిక్సాస్ ఈగలు కుట్టకుండా పొగ కొట్టే డబ్బా పట్టుకుని వచ్చి పెట్టె మూత తీయించాడు. నేను పక్కనే గుడ్డ పట్టుకుని నిలబడ్డాను.

"కొత్త రాణి ఈగ. గుడ్లు పెట్టడం మొదలెట్టిందో లేదో చూడాలి. పట్టు కట్టిన చట్రం బయటికి తీసి ఎండకి ఎదురుగా పట్టుకో" అన్నాడు.

"నువ్వే చూడు" అన్నాడు లియుదాస్.

"నేను చూస్తే నావే అవుతాయి. నీ పట్టు, నీ కళ్లతో నువ్వే చూసుకోవాలి. అరల అడుగున తెల్లగా, నూలు ముక్కల్లా నిలబడి ఉంటాయి. ఉన్నాయా?"

లియుదాస్ చట్రాన్ని ముఖానికి దగ్గరగా తెచ్చుకున్నాడు. కాస్త దూరం పెట్టాడు. మళ్లీ దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఆఁ. ఉన్నాయి."

"బాగున్నాయా? నిండుగా?"

"నిండుగా ఉన్నాయి."

"అయితే ఇంకేం, మూసెయ్" అన్నాడు ఫెలిక్సాస్. సంతోషంగా ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకి పెట్టె దగ్గర సందడి తగ్గింది. ఈగలు గుమ్మంలో దిక్కుతోచనట్టు తిరుగుతున్నాయి. ఫెలిక్సాస్ వచ్చి చెవి పెట్టి విన్నాడు. ఈసారి అడక్కుండా తనే మూత తీశాడు. ఒక్కో చట్రం ఎత్తి చూశాడు. గుడ్లు లేవు, వాటిలోంచి వచ్చే పిల్లపురుగులు లేవు, మైనంతో మూసిన అర ఒక్కటీ లేదు. ఎప్పుడూ ఉన్నట్టే లేదు. రాణి ఏ పిట్ట నోట్లోనో పడి ఉంటుంది, మొదట్లోనే, జతకట్టడానికి పైకి ఎగిరినప్పుడు.

ఆయన చేతిలో చట్రంతోనే లియుదాస్ వైపు తిరిగాడు. ఏదో అనబోయాడు. మా ఆయన చూపు చట్రం మీద లేదు, దానికి జానెడు పక్కన గాలిలో ఎక్కడో ఉంది. ఫెలిక్సాస్ అది చూశాడు. నేను ఫెలిక్సాస్‌ని చూశాను.

"కొంచెం పొగ కొట్టు నియోలే" అన్నాడు నాతో.

తర్వాత తన పెరట్లోకి వెళ్లి, తన బలమైన పట్టులోంచి గుడ్లున్న చట్రం ఒకటి తెచ్చి మా పెట్టెలో దించాడు. "వీటిలోంచి ఇవే కొత్త రాణిని పెంచుకుంటాయి. కాస్త ఓపిక పట్టాలి" అని మూత వేశాడు. పొగడబ్బా ఆర్పి ఇంటికి వెళ్లిపోయాడు.

నాకు ఆ పూట కూర తరుగుతుంటే ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. కంచెకి వదిలేసిన రంగు. కళ్లజోడు ఎక్కడో పెట్టానంటూ ఉత్తరాలు, పేపరు నాచేత చదివించడం. చేప తినడం మానేసి, ముళ్లు చిరాకని సాకు చెప్పడం. పుట్టగొడుగులంటే పడి చచ్చే మనిషి అడవికి వెళ్లి ఖాళీ బుట్టతో రావడం. ఇవన్నీ నా కళ్ల ముందే జరిగాయి. అయినా ఆ సాయంత్రం నేను ఆయన్ని అడగలేదు, మర్నాడూ అడగలేదు. ఒకరి లోపలి మాట ఇంకొకరు అడిగే అలవాటు మా ఇంట్లో లేదు. ఆయన గిన్నెలు వెనక్కి పంపినట్టే నేను ప్రశ్నల్ని వెనక్కి పంపేసేదాన్ని.

ఆగస్టులో ఒక రోజు స్తాసె మా బల్ల దగ్గర కూచుని బీన్స్ వలుస్తోంది. మగవాళ్లిద్దరూ గుమ్మం మెట్ల మీద ఉన్నారు.

"మా మనవరాలు ఉర్టె ఈ ఏడు బళ్లో చేరుతోంది" అంది. "నదికి అవతలున్న పల్లె కదా, వంతెన దాటి రావాలి. వాళ్లమ్మ ఒకటే బెంగ. లియుదాస్ మావయ్య బస్సమ్మా, నీకెందుకే భయం అన్నాను. మన చుట్టమే కదా అని."

మెట్ల మీద మాటలు ఆగిపోయాయి. నా చేతిలో చాకు ఆగింది. ఆ వంతెన చాలా ఇరుకు, రెండు బండ్లు పట్టవు. ఫెలిక్సాస్ లేచి ప్యాంటు దులుపుకున్నాడు. మా ఆయన అలాగే కూచున్నాడు, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని. స్తాసెకి ఏమీ తెలీదు. ఆమె బీన్స్ వలుస్తూనే ఉంది.

తేనె తీసే రోజు వచ్చింది. ఆ రోజు చుట్టాలందరూ ఒకే బల్ల దగ్గర కూచోవాలి. స్తాసె పొద్దున్నే మా తోటలో బల్ల వేసి తెల్లగుడ్డ పరిచింది. నల్లరొట్టె, సోంపు వాసన వేసే సోయాకు చల్లిన ఉడికిన బంగాళాదుంపలు, నిలువుగా చీల్చిన లేత దోసకాయలు. దోసకాయ ముక్క మీద తేనె వేసుకుని తినడం కోసం నేను ఏడాదంతా చూస్తాను. ముందు మా పట్టు తెరవాలన్నాడు ఫెలిక్సాస్. కొత్త రాణి వచ్చిందో లేదో చూసి, అది నిలిచిందంటే అప్పుడు భోజనం.

ఎండ బాగా కాస్తోంది. మూత తీశాడు. నేను పొగ కొట్టాను. ఫెలిక్సాస్ మధ్య చట్రం ఎత్తి, ఒక్క క్షణం చూసి, లియుదాస్ చేతుల్లో పెట్టాడు. చట్రం నిండా ఈగలు పాకుతున్నాయి, మా ఆయన వేళ్ల మీదికి కూడా.

"ఏం కనిపిస్తోంది చుట్టం?" అన్నాడు. మామూలుగానే అడిగాడు, వాన వస్తుందా అని అడిగినట్టు.

లియుదాస్ చట్రాన్ని ఎత్తలేదు, దగ్గరికీ తెచ్చుకోలేదు. అలాగే పట్టుకుని నిలబడ్డాడు. ఒక ఈగ ఆయన చెంప మీద వాలి, కాస్త నడిచి, ఎగిరిపోయింది.

"ఏమీ కనబడ్డం లేదు" అన్నాడు.

"ఊఁ."

"మధ్యలో అంతా మసక. అంచుల్లోనే కనిపిస్తుంది. పక్కకి చూస్తే మనిషి తెలుస్తాడు, ముఖం తెలీదు."

"ఎప్పట్నుంచి?"

"చలికాలం నుంచి. నిరుడు వసంతంలోనే కాస్త మొదలైంది. డ్రైవర్ల కంటి పరీక్షలో నాకంటే ముందు వెళ్లినవాడు పలక మీది అక్షరాలు చదువుతుంటే గుమ్మం బయట నిలబడి విని కంఠతా పట్టాను. రోడ్డు నాకు కొట్టినపిండి, కళ్లు మూసుకుని నడుపుతానని..." అక్కడ ఆగిపోయాడు. ఆయనకే ఆ మాట వినబడినట్టుంది. "ఉర్టె ఆ బస్సులోనే రావాలి కదా."

"అవును."

"నీకు తెలుసు."

"జులైలోనే తెలిసింది."

"మరి అడగలేదేం?"

"నువ్వే చెప్తావని చూశాను."

"చెప్పకపోతే?"

"బడి తెరిచే ముందు రోజు నేనే బస్సుల ఆఫీసుకి వెళ్లేవాణ్ని" అన్నాడు ఫెలిక్సాస్. "చుట్టరికం పోయినా సరే."

లియుదాస్ తల ఊపాడు. "వెళ్లాల్సిందే" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు, నేనున్న చోటికి కొంచెం పక్కగా. "నియోలే, నీకూ తెలుసా?"

"తెలుసు" అన్నాను. నాకు ఏడుపొచ్చింది. ఏడవలేదు, చేతిలో పొగడబ్బా ఉంది.

ఫెలిక్సాస్ చట్రం తీసుకుని పెట్టెలో దించాడు. "రాణి ఉంది. పొడుగ్గా, మంచి రంగులో ఉంది. అరలన్నీ గుడ్లతో నిండున్నాయి" అని మా ఆయనకి వినబడేలా చెప్పాడు, గుడ్డివాడికి చెప్పినట్టు కాకుండా, చుట్టానికి శుభవార్త చెప్పినట్టు. మూత వేశాడు.

బల్ల దగ్గరికి నడుస్తుంటే లియుదాస్ గొంతు సవరించుకున్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఎవరినైనా ఏదైనా అడగడం నేను అదే మొదటిసారి వినడం.

"ఫెలిక్సాస్. సోమవారం నన్ను పట్నంలో కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తావా? దార్లో ఆఫీసు దగ్గర ఆపితే బస్సు తాళాలు ఇచ్చేస్తాను."

"పొద్దున ఏడింటికి గేటు దగ్గరుండు" అన్నాడు ఫెలిక్సాస్. "ముందు దోసకాయలు తిను, లేకపోతే స్తాసె నన్ను తింటుంది."

తిన్నాం. స్తాసెకి అక్కడే చెప్పాడు, తేనె ముంచిన దోసకాయ ముక్క చేత్తో పట్టుకుని. ఆమె లేచి ఆయన పళ్లెంలో ఇంకో రెండు ముక్కలు వేసింది. కోపమో ప్రేమో నేను పోల్చుకోలేకపోయాను. రెండూ అయ్యుంటాయి.

వెళ్తూ వెళ్తూ పెచ్చు ఊడిన ఆ నీలం అంచు గిన్నెలోనే తేనెపట్టు ముక్క పెట్టి మాకిచ్చి వెళ్లింది. అందరూ వెళ్లాక నేను అలవాటు కొద్దీ తేనెపట్టు వేరే పళ్లెంలోకి తీసి, గిన్నె కడిగి, ప్లమ్ పళ్లు నింపాను. చెప్పులు వేసుకుంటుంటే లియుదాస్ అడిగాడు.

"ఎక్కడికి?"

"గిన్నె ఇచ్చేసి వస్తాను."

ఆయన బల్ల మీద చెయ్యి జరుపుతూ వచ్చి గిన్నె అందుకున్నాడు.

"ఉండనీ" అన్నాడు.

డాక్టరు చేయగలిగింది పెద్దగా లేదన్నాడు. ఒక కంటికి సూదులు వేస్తున్నారు, మరీ దిగజారకుండా. నెలనెలా ఫెలిక్సాసే తీసుకెళ్తాడు. మా ఆయన పెట్రోలు మాట ఎత్తడు. ఎత్తబోయి మింగడం మాత్రం నేను చూస్తూనే ఉంటాను. సెప్టెంబరు ఒకటిన పిల్లలందరూ టీచర్లకి పూలు పట్టుకుని బస్సు ఎక్కారు. కొత్త డ్రైవరు. బస్సు మా గేటు ముందు నుంచి వెళ్తుంటే లియుదాస్ కంచె పట్టుకుని విన్నాడు. "మలుపు దగ్గర గేరు ముందే మార్చాలి ఈ కుర్రాడు" అన్నాడు. బస్సులోంచి ఎవరో చెయ్యి ఊపారు, ఉర్టె అయ్యుంటుంది. నేను చెప్తే ఆయనా చెయ్యి ఊపాడు, బస్సు దాటిపోయాక.

రేడియో ఆవిడ ఇంకా మాట్లాడుతూనే ఉంది. మా ఆయన ఇప్పుడు కట్టెయ్యడం లేదు. వింటున్నాడని కాదు, ఆ మీట ఎక్కడుందో వెతుక్కోవాలి.

ఆ గిన్నె మాత్రం ఇంకా మా ఇంట్లోనే ఉంది. స్తాసె వచ్చినప్పుడల్లా చూస్తుంది, అడగదు. అలమరలో మా గిన్నెలన్నీ ఒకేలా ఉంటాయి, ఆయనకి ఏది ఏదో తెలీదు. అందుకని వరసగా వేలితో అంచులు తడుముకుంటూ వెళ్తాడు, పెచ్చు ఊడిన చోటు తగిలేదాకా. సూపు అందులోనే పొయ్యమంటాడు.